దర్జీ కొట్లో యుద్ధం

బాబాయికి నమస్కరించి అబ్బాయి రాసేది,

నేను క్షేమం. శాంతి పరిస్థితే బాగాలేదు. పాత గొడవల జ్ఞాపకాలు తవ్వి లోకానికి శాంతి నేర్పుతానని గదా ఈ పరాయిదేశపు విశ్వవిద్యాలయానికి వచ్చాను! అన్ని దేశాలవాళ్లూ తలొక యుద్ధం పట్టుకొచ్చారు, నేనొక్కణ్ణే చేతులూపుకుంటూ దిగాను. "గాయం లేనివాడికి ఇక్కడేం పని?" అంటున్నారు మా ప్రొఫెసరు. నెలాఖరుకి సొంత గొడవ చూపించకపోతే ఇంటికి పంపేస్తారట. నీకూ నాన్నకూ ఎప్పుడైనా చెడిందా? కాస్త గుర్తుచేసుకో.

ఇట్లు,
నీ శాంతిదూత

తా.క. రక్తం అక్కర్లేదు. మాటల్లేకపోయినా చాలు.

*

చిరంజీవికి బాబాయి దీవెనలు.

మీ నాన్న కత్తిరిస్తాడు, నేను కుడతాను. మాకు చెడితే ఊరంతా సగం చొక్కాలతో తిరగాలి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాణ్ణి విన్నాం గానీ, మీ ప్రొఫెసరు కాలని ఇంటికొచ్చి నిప్పడుగుతున్నాడేమిట్రా!

ఉంటాను,
బాబాయి

తా.క. ఇంటికి పంపేస్తారంటే, మన ఇంటికేనా?

*

బాబాయ్,

ఇంకెవరింటికి? నా గదికే. పెట్టె సర్దుకుంటున్నాను.

ఇట్లు,
గాయం లేని అభాగ్యుడు

*

చిరంజీవికి,

సర్దిన పెట్టె విప్పెయ్. యుద్ధం వచ్చింది. మీ నాన్న నా దారాల కత్తెర ముట్టుకున్నాడు. కొట్టుకి అడ్డంగా తెర కట్టేశాం. ఆయన గుడ్డ కత్తిరించి తెర కిందనుంచి తోస్తాడు, నేను కుట్టి పైనుంచి విసురుతాను. మీ నాన్న నియంత. రాసుకో.

బాబాయి

తా.క. చాలకపోతే మీ పిన్నిని కూడా దింపుతాను.

*

బాబాయ్, నీ కాళ్లకు దండం!

తెర సంగతి చదివి మా ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎంత చక్కటి గాయం!" అన్నారు. ఇంకో ఏడాది ఉండమన్నారు. ముందు నేనే వచ్చి మీ ఇద్దరి చేతులూ కలపాలట, అదే నాకు పరీక్ష. టికెట్టు వాళ్లదే. శనివారం దిగుతున్నాను.

ఇట్లు,
గాయపడ్డ కుటుంబీకుడు

తా.క. ఈలోగా రాజీపడ్డారో, మీ మొహాలు చూడను.

*

చిరంజీవికి,

రావద్దు! తెరా లేదు, తగువూ లేదు. నువ్వు రైలెక్కిన వారానికే నీ గదిలో కుట్టుమిషన్లు దించాం. మీ అమ్మా పిన్నీ అక్కడే గుండీలు కుడుతున్నారు. నువ్వొస్తే మిషన్లు వీధిలో పెట్టాలి. అందుకే కూచుని యుద్ధం కుట్టాం. 'నియంత' అన్న మాట మీ నాన్నే పక్కనుండి చెప్పాడు, అంతకంటే చిన్నమాటకి చదువుకున్నవాళ్లు చలించరని. మా పగ చల్లారేది కాదని మీ ప్రొఫెసరుతో చెప్పు. శాంతికి తొందరేముంది, నీ చదువు అవనీ!

బాబాయి

తా.క. మేం నిజంగా పోట్లాడుకున్నది ఒక్కసారే, నీ మంచం ఏ మిషను పక్కన వెయ్యాలని. మంచమే అమ్మేశాం. ఇప్పుడంతా శాంతి.