ఇత్తెకిమాస్

కౌలాలంపూర్,
20 ఆగస్టు 1957

ప్రియమైన అమ్మకు,

నీ రత్నావతి దండాలు. అమ్మా, ఈ ఊరు ఇప్పుడు చూడాలి! తెల్లవాళ్ళ పాలన పోయి మెర్దేకా వచ్చేస్తోంది కదా, వీధి వీధికీ దీపాలు కడుతున్నారు, బస్సుల మీద కూడా కొత్త జెండాలే. రాత్రి నిద్ర పట్టడం లేదంటే నమ్ము.

అసలు సంగతికి వస్తాను. కోప్పడకుండా కాంతయ్య మాస్టారిని చివరిదాకా చదవనివ్వు. నాకు ఉద్యోగం వచ్చింది! ఫోన్ ఎత్తడం, వచ్చినవాళ్ళను పలకరించి కూర్చోబెట్టడం. మెర్దేకా కాగానే చేరాలి. కానీ అది జపానువాళ్ళ వర్తక కంపెనీ. హమ్మయ్య, రాసేశాను.

నాకు తెలుసమ్మా. యుద్ధం రోజుల్లో అయ్యను సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి లారీ ఎక్కించింది వాళ్ళే. అయ్య మళ్ళీ రాలేదు. ఆ భాష ఇంట్లో వినబడితే నోట్లో నిప్పులు పోస్తానన్నావు. లారీ కదిలేటప్పుడు అయ్య నీతో ఏమన్నాడని నేను ఎప్పుడడిగినా, మొహం తిప్పుకొని కొబ్బరికాయలు ఒలవడానికి వెళ్ళిపోయేదానివి. నువ్వు వద్దంటే మానేస్తాను, ఒట్టు. కానీ వద్దనకమ్మా!

మిస్ లిమ్ అనే చీనా ఆవిడ మాకు జపాను పలకరింపులు నేర్పుతోంది. మొదటిరోజు నవ్వాపుకోలేక చచ్చాను. పొద్దున్న కలిస్తే "ఒహాయో" అనాలట. ఓ, హాయి! మధ్యాహ్నమైతే "కొన్నిచివా". మరి మిగతావి ఎవరికి? ఇక "అరిగాతో" అంటే థాంక్యూ. ఆవిడ నాతో ఆ మాట అనగానే తిన్నది అరిగిందా అని అడిగిందనుకొని "ఆఁ, అరిగింది" అన్నాను!

ఇది విను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపానువాళ్ళూ మనలాగే "వెళ్తున్నాను" అని ఊరుకోరట. "ఇత్తెకిమాస్" అంటారు. అచ్చం మన "వెళ్ళొస్తాను"! ఇంట్లోవాళ్ళు "ఇత్తెరష్షాయ్" అనాలి, అంటే "వెళ్ళిరా". నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఈ సంగతి ముందు నీకే చెప్పాలనిపించింది.

ఒక్క మాట రాయించమ్మా, చేరనా, మాననా?

నీ మాట కోసం గుమ్మంలోనే నిలబడ్డ
రత్నావతి


బాగన్ దాతుక్,
27 ఆగస్టు 1957

నా తల్లీ రత్నావతీ,

నేను సెప్పింది సెప్పినట్టు రాయండి, దిద్దొద్దు అని మాస్టారిచేత ఒట్టేయించినాను.

జపానోడి కొలువని ఇనగానే సేతిలో సెంబు ఇసిరికొట్టినాను. మాస్టారు బెదిరిపోయి లెగబోతే, "కూకోండి, ఇంకా ఏటి రాసిందో సదవండి" అన్నాను. ఆ ఎల్లొస్తాను మాట కాడ మాస్టార్ని ఆపినాను. మళ్ళీ సదవమన్నాను. మళ్ళీ.

మీ అయ్య ఏటన్నాడని అడిగేదానివి కదా, ఇప్పుడు సెప్తాను. ఆ రోజు లారీ మీంచి పెళ్ళాన్ని తెలుగులో పిలిసినాడని గంగయ్యని తుపాకీ మడంతో కొట్టినారు. అది సూసి అందరూ నోరు మూసుకున్నారు. లారీ కదిలింది. మీ అయ్య నాకేసి సూసి నవ్వుతా అరిసినాడు. నాకు ఇనబడ్డది "ఇత్తే... మాసు". మలాయోళ్ళు బంగారాన్ని మాసనే కదా అంటారు? "బంగారం ఇత్తే" అన్నాడనుకున్నాను. సంకలో నిన్నెత్తుకొని నేను ఏడుస్తా ఉంటే ఎల్లొస్తానని అననేదు, నా సేతి గాజులు అడిగినాడు, ఈడేటి మొగుడు అనుకున్నాను. ఆయేళే గాజులు తీసి పెట్టె అడుగున పడేసినాను. ఇన్నేళ్ళూ సచ్చిపోయిన మనిషి మీద కోపంతో బతికినానే! ఆ మాట నీకెలాగ సెప్పేది?

ఎల్లొస్తాననే అన్నాడే! రోజూ పొద్దున్న వరసలో నిలబెట్టి ఆళ్ళు నేర్పిన మాటల్లోంచే నాకు కావలసింది ఏరి సెప్పినాడు. నాకే తెలవనేదు.

ఈయేళ పొద్దున్న ఎస్టేటు గేటు దాకా ఎల్లినాను. ఇప్పుడు కర్ఫ్యూ నేదు, కంచె కాడ సోదా నేదు, ఆపేవోడు నేడు. లారీ ఎల్లిన బాటకేసి తిరిగి గొంతెత్తి "ఇత్తెరష్షాయ్!" అని అరిసినాను. నాకు పిచ్చెక్కిందని ఎర్రమ్మ పరిగెత్తుకొచ్చినాది. దాన్ని పట్టుకొని నవ్వినాను, ఏడిసినాను.

ఆళ్ళు సేసింది నేను మరవను, నువ్వూ మరవకు. కొలువులో సేరు. ఎర్రమ్మ కూతురు మెర్దేకా సూడ్డానికి ఒస్తంది, దాని సేత గాజులు పంపుతున్నాను, ఏసుకో. మీ అయ్య ఆటిని అడగనేదు.

మొదటిరోజు గుమ్మం దాటినప్పుడు ఆ మాట గట్టిగా అను తల్లీ. మారుమాట నేను ఇక్కడినుంచి అంటాను.

తాతబాబు పెళ్ళాం, నీ అమ్మ
దేవుడమ్మ