కోగీ పాడే చోటు

డర్బన్,
14 డిసెంబరు 1997.

మా శ్రీలేఖక్కకు,

కవరు మీద నా దస్తూరి చూసి నువ్వు నమ్మి ఉండవు. కాకినాడ మెడికల్ కాలేజీ నుంచి నువ్వు మూడు ఉత్తరాలు రాసినా జవాబివ్వని మొండిదాన్ని, స్నిగ్ధనే రాస్తున్నాను. తిట్టుకో, కానీ పూర్తిగా చదివి తిట్టుకో.

ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం. కాలేజీ సెలవుల్లో ఆరు వారాల శిక్షణ ఒకటి పెట్టారు. పాటను రికార్డు చేయడం, దాన్ని నలుగురికీ చేర్చడం, ఎవరి పాటకు ఎవరి పేరు పడాలో కాగితం రాసుకోవడం, ఇవన్నీ నేర్పుతారు. నాన్న నన్ను లెక్కలు చదువుకోమంటాడని భయపడ్డాను. ఆయన మార్‌బర్గ్ బడిలో పిల్లలకు చెప్పే లెక్కలతోనే విసిగిపోయాడో ఏమో, మారుమాట లేకుండా సంతకం పెట్టేశాడు. అమ్మ ఆవకాయ సీసా చేతిలో పెట్టి బస్సెక్కించింది. వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు.

మా మాస్టారు వెర్నన్ సార్. వాళ్ల ముత్తాతలు మనవైపు నుంచి వచ్చినవాళ్లేనట, ఆయనకు మాత్రం తెలుగులో తిట్లే వచ్చు. మొదటి రోజే ఇంగ్లీషులో అన్నాడు: "నాలుగేళ్ల క్రితం, తెల్లవాళ్ల ప్రభుత్వం ఉన్నంత దాకా ఇలాంటి స్టూడియోలోకి నేను వైర్లు మోయడానికే వచ్చేవాణ్ణి. ఈ దేశంలో ఎవరి పాటకు ఎవరి పేరు పడిందో తవ్వితే తెల్లవార్లూ ఏడవాలి. ఇకనుంచి మీరు సరిగ్గా రాయండి." ఆ మాట నన్నే అన్నట్టు తల దించుకున్నాను. ఎందుకో చివర చెబుతాను.

ఒక్కొక్కరం ఒక్కో పాట రికార్డు చేసి తేవాలి. నాకు వెతుక్కునే పని లేకపోయింది. మా హాస్టల్లో వంట చేసే మోరీన్ ఆంటీ కూర కలుపుతూ తెలుగు పాట పాడుతుంటుంది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల బారకాసుల్లో, ఆ వరస గదుల్లో పుట్టి పెరిగిన మనిషి. ఇప్పుడు ఆదివారం వస్తే చర్చిలో చేతులెత్తి పాడుతుంది. పొద్దున్నే నన్ను చూడగానే "ఏమ్మా గేర్ల్, తిన్నావా? ఇంతేనా తినేది? కూచో!" అని ఇక్కడి యాసలో గదమాయిస్తుంది. ఆవిడ తిట్టిన రోజున నాకు ఇంటి బెంగ ఉండదు.

ఆ పాట వాళ్లమ్మ చెరుకు తోటకు పోయేటప్పుడు పిల్లల చేత పాడించేదట. "తెల్లారె తెల్లారె లేవవే చెల్లీ" అని ఆవిడ పాడుతుంది. ఆగుతుంది. కాసేపటికి తర్వాతి పంక్తి అందుకుంటుంది. వయసు మీద పడింది, ఊపిరి అందడం లేదు పాపం అనుకున్నాను. టేపును బ్లేడుతో కోసి అతికించడం అప్పుడే నేర్చుకున్నాను కదా, చేతులు ఊరుకుంటాయా? ఖాళీలన్నీ కోసి చెత్తబుట్టలో పడేసి, పాటను నున్నగా అతికించాను. అందరి ముందూ ఆంటీకి హెడ్‌ఫోన్స్ పెట్టి గర్వంగా వినిపించాను.

ఆంటీ హెడ్‌ఫోన్స్ తీసేసింది. "నా చెల్లి ఎక్కడ?" అంది.

"ఎవరు ఆంటీ? మీరొక్కరే పాడారుగా. ఖాళీగా ఉన్నవి తీసేశాను."

"ఖాళీ కాదు మా, అది కోగీ పాడే చోటు. నీ మిషన్‌కి వినపడలే. నాకు డైలీ వినపడుతుంది."

వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నన్ను తినమని కూడా అనలేదు.

తర్వాత వెర్నన్ సార్ చెప్పాడు. ఆవిడ చెల్లెలు కోగీ రైస్‌థార్ప్ అనే చోట ఉంటుంది. ఆంటీ బాప్తిస్మం తీసుకున్న ఏడే వాళ్లమ్మ పోయింది. పదహారో రోజు కర్మలో దేవుడి ముందు పెట్టిన అన్నం ఆంటీ ముట్టలేదు. "అమ్మ అన్నం తిననిదానివి నా గడప తొక్కకు" అంది కోగీ. ఇరవై మూడేళ్లయింది, మాటల్లేవు. అయినా అక్క పాడినప్పుడల్లా చెల్లెలి పంక్తి వదిలిపెట్టి పాడుతోంది.

అక్కా, ఆ చెత్తబుట్ట ముందు కూచుని ఏడ్చాను. నేను నీకు చేసిందీ ఇదే. ముందటేడు ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ల సభలో మన వాన పాట పాడాను. నీ చరణం కూడా నేనే పాడేసుకున్నాను. రచన ఎవరమ్మా అని మైకులో అడిగితే నేనేనన్నాను. మాటలన్నీ నీవి, బాణీ మనిద్దరిది, పేరు మాత్రం నాది! చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నుంచి నీకు ఉత్తరం రాయడానికి మొహం చెల్లలేదు. కోపం కాదక్కా, సిగ్గు.

నీ దొంగ చెల్లెలు,
స్నిగ్ధ

*

డర్బన్,
19 జనవరి 1998.

శ్రీలేఖక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఇది నీకు చెప్పకుండా ఉండలేను.

మర్నాడు చెత్తబుట్టలోంచి టేపు ముక్కలన్నీ ఏరాను. ఉత్త నిశ్శబ్దం ఉన్న ముక్కలు! ఏది ఎక్కడిదో ఎలా తెలియాలి? వంటింటి గడప దగ్గర నిలబడి "తప్పయింది ఆంటీ, సాయం చేయండి" అన్నాను. చాలాసేపు ఉల్లిపాయలు తరిగింది. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూచుంది. ఒక్కో ముక్క తీసి వినిపిస్తుంటే చెల్లెలి పంక్తి లోలోపల కూనిరాగం తీసి, "ఇది పొట్టిది, కోగీ పట్టదు. ఆ పొడుగుది పెట్టు" అనేది. మూడు రోజులు పట్టింది. చివరి ముక్క అతికాక, "ఇప్పుడు తిను" అంది. ఆ అన్నం రుచి నేను జన్మలో మర్చిపోను.

ఆ పాటను నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్‌లోకి ఎక్కించుకుని రైస్‌థార్ప్ బస్సెక్కాను. ఒక ట్రాకులో మోరీన్ ఆంటీ గొంతు, పక్క ట్రాకు ఖాళీ. కోగీ ఆంటీ తలుపు తీసి, "ఆమె పంపిందా?" అంది.

"లేదు, నేనే వచ్చాను."

"టూ లేట్, గేర్ల్. ఆమె దేవుడు వేరే, నా దేవుడు వేరే." అంటూనే హెడ్‌ఫోన్స్ పెట్టించుకుంది.

"తెల్లారె తెల్లారె లేవవే చెల్లీ" అని అక్క పాడి ఆగింది. కోగీ ఆంటీ నోరు దానంతటదే తెరుచుకుంది. "లేచితి లేచితి, పోదామె అక్కా." నేను చూస్తూ ఉండిపోయి రికార్డు బటన్ నొక్కడం మర్చిపోయాను, నా మొహం! ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి పెట్టు" అంది. నాలుగుసార్లు పాడింది.

ఇక కాగితం సంగతి. ఆ పాటలో ఎవరి వాటా నూటికి ఎంతో రాసి సంతకం పెట్టాలి. కోగీ ఆంటీ "మోరీన్‌కి నూరు" అని రాసింది, "అమ్మ తర్వాత పాట పోకుండా పెట్టింది ఆమే" అని. ఇక్కడ మోరీన్ ఆంటీ "కోగీకి నూరు" అని రాసింది. "చిన్నప్పుడు దానికే గొంతు, నేను వట్టిగా లేపేదాన్ని" అంది. వెర్నన్ సార్ రెండు కాగితాలూ చూసి తల పట్టుకున్నాడు. "నూటికి రెండు నూర్లు ఎక్కడా చెల్లదు. ఇద్దరూ వచ్చి ఒకే కాగితం మీద రాయండి" అని ఫోన్ చేశాడు.

శనివారం కోగీ ఆంటీ వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బాతో. మోరీన్ ఆంటీ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. చివరికి కోగీ ఆంటీ డబ్బా మూత తీసి, "పులిహోర. దేవుడి ముందు పెట్టలే. నీకోసం వట్టిగా చేసింది" అంది.

"పెట్టినా తింటాను, పో!" అని మోరీన్ ఆంటీ చేత్తోనే తీసుకుని తినేసింది. ఇద్దరూ ఏడ్చారు, మేమందరం ఏడ్చాం, వెర్నన్ సార్ తుమ్ము వచ్చినట్టు నటించాడు. వాటా దగ్గర "నీది", "కాదు నీదే" అని ఇంకో గంట తగువు. ఆఖరికి ఇద్దరూ కలిసి వాళ్లమ్మ పేరు రాశారు.

ఇందులో ఒక క్యాసెట్ పెట్టాను. మన వాన పాట. నా పంక్తులే పాడి, నీవి వదిలేశాను. కాగితం కూడా పెట్టాను: శ్రీలేఖకు నూరు. సంతకం పెట్టి పంపు. వచ్చే ఉగాదికి అదే మైకులో అసలు పేరు చెబుతాను, నాన్నతోనూ అన్నాను. నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు, పాట మాత్రం తీసుకో.

నీ చోటు వదిలిపెట్టి కూచున్న
స్నిగ్ధ

*

కాకినాడ,
9 ఫిబ్రవరి 1998.

ఒసే పిచ్చి స్నిగ్ధా,

రెండు ఉత్తరాలూ ఒక్కరోజే అందాయి. మొదటిది ఏ దేశాలు తిరిగి వచ్చిందో! హాస్టల్ మెట్ల మీద కూచుని చదివాను, అనాటమీ క్లాసు ఎగ్గొట్టాను. ఆ పాపం నీదే.

నువ్వు ఉగాదికి పాడిన సంగతి నాన్న ఆ వారమే రాశాడు, పేరు సంగతితో సహా. "పిల్లకు సిగ్గేసి అన్నం తినడం లేదు, నువ్వేమీ అడగకు" అన్నాడు. అందుకే మూడు ఉత్తరాల్లో ఎక్కడా అడగలేదు. నీ సంజాయిషీ ఎవరిక్కావాలే? పొద్దునా సాయంత్రం ఉత్తరాల డబ్బాలో చెయ్యి పెట్టి వెతికింది నీ దస్తూరి కోసం.

నీ కాగితంలో నూరు కొట్టేసి యాభై, యాభై రాసి సంతకం పెట్టాను. ఆ ముసలమ్మలకు చెల్లింది గానీ, నా దగ్గర నీ గొప్పలు చెల్లవు. బాణీలో మంచి ముక్కలన్నీ నీవే. మోరీన్ ఆంటీకి నా నమస్కారం చెప్పు, నా చెల్లికి అన్నం పెట్టినందుకు.

క్యాసెట్‌లో నా చోట నేను పాడాను, గొంతు బొంగురుగా ఉంది, నవ్వకు. చివరి పంక్తి ఒక్కటీ వదిలేశాను. అది ఇద్దరం ఒకేసారి పాడేది కదా, మిషన్‌లో అతికిస్తే ఒప్పుకోను. జూన్‌లో పరీక్షలైపోతాయి. నాన్న టికెట్ పంపుతున్నాడు. మార్‌బర్గ్‌లో మనింటికి వచ్చి నీ పక్కన నిలబడి పాడతాను.

మీ అక్క,
శ్రీలేఖ