ఇరవై మూడు బిళ్ళలు

గోదావరిఖని,
ఆదివారం.

బుచ్చన్న కాకకు,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని రాస్తున్నాను. మా కాలేజీలో నెట్‌వర్కు పని నాకే అప్పగించారు. కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే స్విచ్చు పెట్టె ఒకటే, దానికి వైర్లు గుచ్చే పోర్టులు ఇరవై నాలుగు. ఎనిమిది ఆఫీసుకు, పదిహేను ల్యాబుకు విడదీశాను, ఒకటి ఖాళీగా ఉంచాను. వైర్లు ఒకే పెట్టెలోకి వచ్చినా వీళ్ళ ఫైళ్ళు వాళ్ళకు కనిపించవు.

నిన్న పొద్దున ప్రిన్సిపాల్ గదిలో మార్కుల ఫైలు తెరుచుకోలేదు. ల్యాబులో తెరుచుకుంది. విద్యార్థులు ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయాను. చూస్తే, మా ఆయా సారవ్వ వైర్లన్నీ తీసి, తుడిచి, తోచిన చోట పెట్టింది.

"దుమ్ము పట్టినయని తుడిచిన బిడ్డా. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి, ఏడ పెడితే ఏంది?" అన్నది.

తప్పు నాదే, వైర్లకు గుర్తులు పెట్టలేదు. పది నిమిషాల్లో సర్ది, గనిలోకి దిగేవాళ్ళకు నువ్వు దీపాలిచ్చిన ల్యాంపు రూము సంగతి చెప్పాను. ఒక్కొక్కరికి ఒక నంబరు బిళ్ళ ఉంటుందని, ఏ నంబరు మేకుకు ఆ నంబరు బిళ్ళే తగిలించాలని, మారితే గనిలో ఎవరున్నారో తెలియదని. ఆమె భర్తా గనిలో పనిచేసినవాడే.

"గట్లనా. మరి వీటికి బిళ్ళలేవి?" అన్నది.

అందుకే అడుగుతున్నాను. గని మూసినప్పుడు పారేస్తుంటే నువ్వు తెచ్చి దాచిన ఇత్తడి బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా పంపు, వైర్లకు కడతాను. పదిహేడు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. నువ్వు గనిలోకి దిగిన రోజుల్లో అది నీ నంబరు. ఇక్కడ ఆ పోర్టు ఎవరికీ ఇవ్వలేదు.

నీ అన్న బిడ్డ