ఏడో స్టెప్పులో నీ పేరు

సలీం భాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పంజాగుట్ట ఆఫీసు సర్వర్‌లోని ల్యాబ్ రిపోర్టులన్నీ నిన్న క్లౌడ్‌లోకి మార్చాం. ఆ రిపోర్టుల పనికి నువ్వు రాసిన గైడును మాత్రం మార్చలేదు, తప్పు నాదే. అందులోని డిలీట్ బటన్‌తో అప్పట్లో నకళ్లే పోయేవి. ఇప్పుడు నొక్కితే అసలు రిపోర్టులే పోతాయి.

పొద్దున కొత్తగా చేరిన మౌనిక ఆ గైడు చూసి పనిచేస్తూ, డిలీట్ నొక్కమన్న ఏడో స్టెప్పు దగ్గర ఆగి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, 'సలీంను అడగకుండా నొక్కొద్దు' అని రాసి ఉంది. గాయన యాడుంటడు?"

నువ్వది రాసిన రోజున, "అమీర్‌పేట కోచింగుల గిదే నేర్పిండ్రా భాయ్?" అని ఆ లైనుకు నవ్వింది నేనే.

సాయంత్రానికి గైడంతా తిరగరాశాను. ఆ లైను ఉంచి, నీ పేరు తీసి నా పేరు పెట్టాను. గంటయింది. సేవ్ నొక్కలేకపోతున్నాను.

నిన్ను అడగకుండా నొక్కొద్దన్నావు కదా.