మీ వంతు వచ్చేవరకు

అక్కకు,

తమ్ముడు, అనగా నాటకశాల పరిరక్షణ పౌర సంఘం కార్యదర్శి, నమస్కరించి నివేదించుకొనునది. ఇక్కడ అందరమూ క్షేమం. సంఘం మాత్రం నీరసంగా ఉంది.

నువ్వు రికార్డింగు పని మీద రాజధానికి వెళ్లిన నాటి నుంచి నేటి వరకు సాధించిన ప్రగతిని నీ దృష్టికి తేవడం నా విధి. హాలు తాళం అలాగే ఉంది. పైకప్పు కారుతోందని మూశారు కదా. మూసి ఉన్న హాలులో పైకప్పు కారినా ఎవరూ తడవరు కనుక మరమ్మతు అత్యవసరం కాదని నిర్ణయించారు. మన అర్జీకి కళల శాఖ ఉపకార్యదర్శిగారు ఎంతో మర్యాదగా సమాధానం చెప్పారు. ఏడాదిలో కనీసం ఒక ప్రదర్శన ఇచ్చిన సంస్థకే ప్రభుత్వ సహాయం లభిస్తుందట. ప్రదర్శన ఇవ్వడానికి హాలు తెరవమన్నాం. ప్రదర్శనలు ఇవ్వని సంస్థకు హాలు తెరిచే నిబంధన లేదట. ఈ రెండు మాటలూ ఒకే మనిషి, ఒకే ముఖంతో, టీ చల్లారకముందే చెప్పారు. నాటకాల్లో ఇంత వయసు గడిపినవాణ్ణి, నటన ఎక్కడున్నా గుర్తిస్తాను. ఆయనది నటన కాదు. నిజంగానే అలా అనుకుంటున్నారు.

ఇక నీ గొంతు గురించి. ఇక్కడి కళల శాఖ నిరీక్షణ గదిలో గోడ మీది పెట్టెలోంచి నువ్వు మాట్లాడుతున్నావు. "దయచేసి మీ వంతు వచ్చేవరకు వేచి ఉండండి. మీ సహకారానికి ధన్యవాదాలు." ఆ తర్వాత టోకెను నంబరు. అన్ని ప్రభుత్వ కార్యాలయాలకూ నీ చేతే చెప్పించారని తెలుసు గానీ, మన అర్జీ పట్టుకుని నేను కూర్చున్న చోట నువ్వే నన్ను ఆగమంటావని ఊహించలేదు. ప్రదర్శన కళలకు ప్రభుత్వం చేస్తున్న సహాయాల్లో ప్రస్తుతానికి అమల్లో ఉన్నది అదొక్కటే. దాన్ని మన సంఘం తరఫున హర్షిస్తున్నాను.

అసలు విషయానికి వస్తాను. హాలును పాత ఫైళ్ల గోదాముగా మార్చాలని ప్రతిపాదన వచ్చింది. "సంఘానికి అభ్యంతరం లేదు" అని నేను సంతకం చేస్తే చాలట. ప్రతిఫలంగా గుమ్మం పక్కన మన నాటక సమాజం పేరు చెక్కిన రాయి పెడతారు. ఏడాది ముగిసేలోగా సంతకం కావాలి. ఆ కాగితం నా చొక్కా జేబులో ఉంది. బావకు చెప్పలేదు. నువ్వూ ఆయనా మాటలు మానేసిన దగ్గర నుంచి ఆయనతో ఏం మాట్లాడాలన్నా నాకు తడబాటుగా ఉంది. "నటి గొంతును ఆఫీసు గంటకు అద్దెకిస్తావా" అని ఆయన అన్నదీ, "ఆ హాలుకు పట్టిన తాళం మీ నోటికి పట్టినా బాగుండేది" అని నువ్వు అన్నదీ గదిలో ఇంకా ఉన్నట్టే ఉంటుంది. అధ్యక్షుడూ ఆయనే కనుక సమావేశాలు క్లుప్తంగా ముగుస్తున్నాయి.

పగలు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతాను, సాయంత్రం సంఘం తరఫున అర్జీలు రాస్తాను. నాటకంలో తెర పక్కన దాక్కుని మీ అందరికీ మాటలు అందించేవాణ్ణి. ఇప్పుడు మాట మరిచిపోయేవాళ్లే లేరు. అలిసిపోయానక్కా. సంతకం చేసేద్దామనుకుంటున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు (కార్యదర్శి హోదాలో కాదు)

*

అక్కకు,

సంతకం ఇంకా చేయలేదు. అందుకు కారణాలు రెండు. మొదటిది హాస్యాస్పదం. రెండోదాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

మొదటిది. మన చివరి అర్జీకి విషయం అనే చోట "ప్రదర్శనకు అనుమతి, మద్దతు కోరుట గురించి" అని రాశాను. వాక్యంలో తప్పు లేదు, నేనే దిద్దుకున్నాను. కానీ తపాలా విభాగం వారు "ప్రదర్శన" అన్న మాట చూసి దాన్ని కళల శాఖకు కాక శాంతిభద్రతల విభాగానికి పంపారు. అక్కడి నుంచి ఎంతో వేగంగా ఉత్తర్వు వచ్చింది. కళల శాఖ భవనం ఎదుటి రోడ్డు మీద, ఉదయం పూట, ప్రదర్శన జరుపుకోవడానికి మనకు అనుమతి లభించింది. ఆయుధాలు ఉండకూడదు. దిష్టిబొమ్మలు తగలబెట్టకూడదు. నినాదాలు ముందుగా సమర్పించాలి. ఇన్నాళ్లూ కళాకారులుగా అడిగితే పలకని ప్రభుత్వం, ఆందోళనకారులమనుకోగానే ఇంత ఆదరంగా పలకడం నన్ను కదిలించింది.

పొరపాటు జరిగిందని చెప్పడానికీ, పనిలో పనిగా సంతకం చేసి ఇచ్చేయడానికీ ఒంటరిగా కళల శాఖకు వెళ్లాను. నిరీక్షణ గదిలో వెనక వరుసలో బావ కూర్చుని ఉన్నారు. సంఘం పని మీద ఆ రోజు ఎవరూ వెళ్లాల్సిన అవసరం లేదు. నేను స్తంభం పక్కన ఆగాను. నీ గొంతు ఒక నంబరు పిలిచింది. బావ చేతిలోని టోకెను చూసుకున్నారు. లేవలేదు. పక్కనున్న ముసలామెతో "ముందు మీరు వెళ్లండమ్మా, నాకు తొందరేం లేదు" అన్నారు. ఆమె వెళ్లాక లేచి, ఇంకో టోకెను తెచ్చుకుని మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు.

గుమ్మం దగ్గరి బంట్రోతు నా చెవిలో అన్నాడు. "మీ అధ్యక్షులవారు రోజూ వస్తారండీ. నంబరొస్తే లేవరు. మొదట్లో చెవుడేమో అనుకున్నాం. సారువాళ్లయితే, ఇదేదో కొత్త రకం నిరసన అనుకుని భయపడుతున్నారు."

అప్పుడు అర్థమైందక్కా, మన అర్జీ ఎందుకు కదలడం లేదో. ప్రభుత్వం మీద నేను రాసిన అభియోగాల్లో సగం వెనక్కి తీసుకోవాలి. లోపలికి వెళ్లి అధికారిని నిలదీయాల్సిన అధ్యక్షుడే తన వంతు వదిలేసుకుంటూ కూర్చుంటే, ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది?

వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏంటి బావా, మీ నంబరు పిలిచారుగా?"

"పిలిచారా? వినపడలేదురా."

"నిన్న నేను మూలన గొణుక్కున్నది వినపడిందిగా?"

"బావమరిది గొణుగుడు వేరురా. అది చెవులతో పని లేకుండానే వినపడుతుంది."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. నువ్వు మళ్లీ పలికావు, వేచి ఉండమని.

"విన్నావా?" అన్నారు బావ. "'వంతు' అనేముందు చిన్న ఊపిరి. రాణి వేషంలో కూడా అక్కడే తీసుకునేది. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పడం నాదే తప్పు. ఊపిరి అక్కడే ఉండాలి."

"ఫోను చేసి ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చేసి ఏం మాట్లాడను? పక్కన నిలబడి నువ్వు అందిస్తావా?"

 చేతిలోని టోకెను తిప్పుతూ ఆయనే మళ్లీ అన్నారు. "మన పని అయిపోయిందనుకో, మళ్లీ ఇక్కడికి ఏ మొహం పెట్టుకుని వస్తాన్రా?"

జేబులో కాగితం ఉంది, చేయి జేబు మీదే ఉంది. తీయలేదు. ఇది నీకు రాయవద్దని ఆయన అనలేదు. అన్నా రాసేవాణ్ణి.

ఏం చేయాలో తోచక, రోడ్డు మీద ప్రదర్శన అనుమతి కాగితం ఆయనకు చూపించాను. రెండుసార్లు చదివి, "ఉత్తర్వు ఇచ్చారు కదా, ఇచ్చేద్దాం" అన్నారు. "ఏం ఇద్దాం బావా?" అన్నాను. "ప్రదర్శన."

నీ తమ్ముడు

*

అక్కకు,

ప్రభుత్వ అనుమతితో, ప్రభుత్వ భవనం ఎదుట, ప్రభుత్వ రోడ్డు మీద నాటకం ఆడాం. నివేదిక సమర్పిస్తున్నాను.

నినాదాల కింద మొత్తం సంభాషణలు సమర్పించాను. ఆమోదించారు. చదివినట్టు లేదు. రాజు కత్తి చెక్కతో చేసిందని నిరూపించడానికి, మనకు వేషాలు వేసే రంగులాయన దాన్ని కానిస్టేబుల్ చేతికిచ్చి వంచి చూడమన్నాడు. వంచితే విరిగింది. "ఇప్పుడు నమ్మకం కుదిరిందా అయ్యా?" అన్నాడు రంగులాయన. అందుచేత ఈసారి మన రాజుగారు ఖాళీ ఒరతో యుద్ధం నుంచి తిరిగి వచ్చారు. ఓడిన రాజు కనుక నప్పింది.

ఏ నాటకమో నీకు చెప్పనవసరం లేదు, నువ్వు రాణిగా, బావ రాజుగా వేసినదే. రాజు రాణి తలుపు బయట నిలబడే ఘట్టం కూడా బావ ఉంచారు. రాణి కనిపించదు, లోపలి నుంచి గొంతే వినిపించాలి. నువ్వు లేవు కనుక తీసేద్దామని మేమంతా అనుకున్న ఘట్టమే అది. "రాణి మాటలు ఎవరు చెప్తారు బావా?" అంటే, "ఎవరూ చెప్పరు. తలుపు ముందు నేను నిలబడతాను, అంతే" అన్నారు. నేను పుస్తకం పట్టుకుని కరెంటు స్తంభం వెనక నిలబడ్డాను.

జనం బాగానే చేరారు. చాలామంది ఏ డిమాండో తెలుసుకుందామని ఆగినవాళ్లే. బావ వచ్చి, లేని తలుపు ముందు నిలబడ్డారు. "తలుపు తీయవా?" అన్నారు. రాణి మాటలు రావాల్సిన చోటు అది. వేడి వల్ల కళల శాఖ వాళ్లు కిటికీలన్నీ తెరిచి పెట్టారు. లోపలి నుంచి నువ్వు పలికావు.

"దయచేసి మీ వంతు వచ్చేవరకు వేచి ఉండండి."

జనం గొల్లున నవ్వారు. బావ నవ్వలేదు. ఆ కిటికీ వైపు తిరిగారు. నా చేతిలోని పుస్తకంలో లేని మాట అన్నారు.

"ఇంకా ఎన్నాళ్లు?"

"మీ సహకారానికి ధన్యవాదాలు," అన్నావు నువ్వు.

ఈసారి ఎవరూ నవ్వలేదక్కా. బావ అలాగే నిలబడిపోయారు. తర్వాత చెప్పాల్సిన మాట నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. నేను అందించలేదు. ఆయన మరిచిపోలేదు, మరి. ఎంతసేపు నిలబడ్డారో గానీ కిటికీల్లోకి గుమాస్తాలు వచ్చారు, వాళ్ల వెనక ఉపకార్యదర్శిగారు కూడా వచ్చారు. రంగులాయన తెర అనుకుని ఒక దుప్పటి లాగేసరికి నాటకం ముగిసింది.

కానిస్టేబుల్ రాసిన నివేదిక నకలు నా దగ్గరుంది. మన సమాజానికి ఇన్నేళ్లలో వచ్చిన సమీక్షల్లో ఇదే ఉత్తమమైనదని నా అభిప్రాయం. "ప్రదర్శన శాంతియుతంగా ముగిసినది. చివరలో పలువురు కన్నీరు పెట్టుకొనిరి. బాష్పవాయువు ప్రయోగించలేదు."

ఆ నకలు పట్టుకుని ఉపకార్యదర్శిగారి గదికి వెళ్లాను. ఏడాదిలో ఒక ప్రదర్శన జరిగినట్టు ప్రభుత్వ రికార్డే చెబుతోందని మనవి చేసుకున్నాను. ఆయన చాలాసేపు చదివారు. ఆయన కూడా అలిసిపోయిన మనిషేనని అప్పుడే గమనించాను. "ఇది ఆ ప్రదర్శన కాదు కదండీ" అన్నారు. "ఉత్తర్వులో ఏ ప్రదర్శనో రాయలేదండీ" అన్నాను. "రాయలేదు," అని ఒప్పుకుని, కిటికీ వైపు చూసి, "ఆ రాణిగారి గొంతు మా నిరీక్షణ గదిలోదేనా?" అని అడిగారు. మా అక్కదని చెప్పాను. ఇంకేం అడగకుండా హాలు తెరిచే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. తాళంచెవి వచ్చింది, సహాయం వస్తుందట. పైకప్పు సంగతి వేరే విభాగం.

నా జేబులోని కాగితం చింపేశాను. బావకు తాళంచెవి ఇస్తే సంతోషించలేదు. మర్నాడు కూడా నిరీక్షణ గదికే వెళ్లారు. ఇప్పుడు ఆయనకు అక్కడ ఏ పనీ లేదు. ఇక అందించడానికి నా దగ్గర ఏ మాటా లేదు. అందుకే నీకు రాస్తున్నాను.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ మూడు నివేదికలూ అందాయి. ఇంత పొడుగు ఉత్తరాలు రాసే బదులు రెండోదాంట్లో ఉన్న ఆ ఒక్క సంగతీ ఫోనులో చెప్పి ఉంటే, ఈపాటికి అక్కడ ఉండేదాన్ని కదరా. నీకు అన్నీ మెల్లగా అందించడమే అలవాటు.

'వంతు' ముందు ఊపిరి తీసేయమని ఇక్కడ రికార్డింగు వాళ్లు కూడా చెప్పారు. మళ్లీ చెప్పించుకుంటామన్నారు. కుదరదన్నాను. అయితే ఇక ఆ మాటలు యంత్రం చేతే చెప్పించుకుంటాం అన్నారు. చెప్పించుకోండి అన్నాను. మా ఆయన తిట్టి కూడా ఆ ఊపిరిని ఆపలేకపోయాడు, వీళ్లెంత?

ఆయన అన్న మాట నేను మరిచిపోలేదు. నేనన్నది ఆయన మరిచిపోయి ఉండడు. ఆ హాలు కారుతుంటే ఇద్దరం కింద గిన్నెలు పెట్టుకుంటూ పోట్లాడుకుంటాం, అది మా సంగతి. నువ్వు మధ్యలో పుస్తకం తెరవకు.

గురువారం మధ్యాహ్నం ఆ నిరీక్షణ గదికే నేరుగా వస్తాను. ఆయనకు చెప్పకు. టోకెను తీసుకుని కూర్చోనీ. పెట్టెలోంచి కాదు, వెనక నిలబడి నంబరు నేనే పిలుస్తాను.

ఈసారైనా లేస్తాడేమో చూద్దాం.

మీ అక్క