మూడో నెంబరు సీసాలో లేని పురుగు గురించి

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు, హైదరాబాదు పాతబస్తీ, శాలిబండ నివాసి, నీటి సరఫరా శాఖలో వాల్వ్ తిప్పి తిప్పి రిటైరైన పెంటయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనుమరాలు రూప, బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం, జంతుశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో ఖాళీ సీసాను ఖాళీ సీసా అని వ్రాసినందున ఫెయిలు చేయబడుట – సదరు సీసాను తమరు స్వయముగా తనిఖీ చేయుట – గురించి.

పై విషయమై మనవి చేయునది ఏమనగా:

1. మా రూప నయాపూల్ దగ్గరి ఒక డిగ్రీ కళాశాలలో చదువుచున్నది. ప్రాక్టికల్ నాడు బల్ల మీద వరుసగా సీసాలు పెడతారు, వీటిని స్పాటర్లు అంటారట. ఒక్కో సీసాలో మందునీళ్లలో ఒక్కో జీవి. పేరు కనబడకుండా కాగితం అంటిస్తారు, పాత నెంబరు మాత్రం అట్లాగే ఉంటుంది. విద్యార్థి చూసి పేరు చెప్పి, బొమ్మ గీసి, లక్షణాలు రాయవలెను. మూడో నెంబరు సీసాలో లివర్ ఫ్లూక్, అనగా గొర్రె కార్జంలో కాపురముండే చదునైన పురుగు, ఉండవలెను. లేదు. రూప ఇట్లు వ్రాసినది: "గాజు సీసా. అందులో నీళ్లు. అడుగున తెల్లటి మడ్డి. జీవి ఏదీ లేదు." పరీక్షకులు సున్నా చుట్టి, పక్కన ఎర్ర సిరాతో "అసంబద్ధం" అన్నారు. ఏ ఒక్క సీసాకు సున్నా వచ్చినా ఫెయిలే అని నిబంధనట, ఆ ఒక్క సున్నాతో ప్రాక్టికల్ పోయినది.

2. ఇక్కడ ఒక ముక్క చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. రూప పుస్తకాలు, అది చదివినంక, నేను చదువుతాను. ఈ పురుగు సంగతి చదివిన రోజు నుంచి పత్తర్‌గట్టి సందులో ఏళ్ల తరబడి తింటున్న కలేజీ, అదే కార్జం వేపుడు మానేసినాను. హోటల్ భాయ్ కబురు మీద కబురు పంపినాడు. చివరికి రూపే నవ్వి, "తాతా, ఉడికిన కార్జం తింటే రాదు. గుంటల్ల మొలిచే ఆకు పచ్చిగ తింటే వస్తది. దానికి నడుమ నత్త గుడ కావాలె" అని విడమర్చింది. నత్త దగ్గర నుంచి గొర్రె దాకా ఆ పురుగు ప్రయాణమంతా వేలితో నేల మీద గీసి చూపింది. నేను మళ్లీ కలేజీ తింటున్నాను. కనుక పిల్లకు ఫ్లూక్ తెలియక రాయలేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

3. మిగతా విద్యార్థులందరూ ఆ సీసాను చూసి ఫ్లూక్ అనే రాసినారు. ఎట్లా అని రూప స్నేహితురాలు స్రవ్యను అడిగినాను.

"సీసను ఎవరు చూస్తరు తాతా, నెంబర్ చూస్తరు గని. మూడంటే ఫ్లూక్, ఐదంటే జలగ. సీనియర్లు మాకు చెప్పిన్రు, మేం జూనియర్లకు చెప్పినం. రూపకు గుడ చెప్పిన. ఇంటదా?"

ఆ పిల్ల లేని పురుగుకు నీడలు దిద్ది బొమ్మ గీసి, నోరు ఎక్కడుందో బాణం గుర్తు కూడా పెట్టింది. పూర్తి మార్కులు.

4. ల్యాబ్ అటెండరు మల్లన్న, మనిషి మంచివాడు, నిజం దాచలేదు. "పెంటయ్యన్నా, మందు అయిపోయింది. అడిగితే రాలె. సీస ఎండిపోతదని బోరు నీళ్లు పోసిన. నెల తిరగకముందే పురుగు కరిగె. మేడమ్‌కు చెప్పిన. నెంబర్ ఉంది గద, ఉండనీ అన్నరు."

5. శాఖాధిపతి హరిప్రియ మేడమ్ గారిని కలిసితిని. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చినారు, జవాబు పత్రం చూపినారు. కొత్త నమూనాల కోసం ఏటా రాస్తున్నామని, ఎవరూ పంపడం లేదని వాపోయినారు. తరువాత సంభాషణ ఇట్లు నడిచినది:

"స్పాటర్ అంటే కనిపించింది రాయడం కాదండీ తాతగారూ. గుర్తుపట్టాలి."

"లేనిదాన్ని ఎట్ల గుర్తుపడ్తరమ్మా?"

"మిగతా వాళ్లంతా పట్టారు కదండీ."

"మీరు గుడ ఇక్కడనే చదివిన్రట. అప్పుడు పురుగు ఉండెనా?"

మేడమ్ గారు జవాబు పత్రం మడిచి పక్కన పెట్టినారు. "నెంబరు ఉండేదండీ, మేమూ అదే చూసేవాళ్లం" అన్నారు.

6. రూపకు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినది. డిగ్రీ పాసు కానిదే సీటు లేదు. వచ్చే సోమవారం మళ్లీ ప్రాక్టికల్. బల్ల అదే, సీసా అదే. నేను కూడా మెత్తబడి, "బిడ్డా, ఈ ఒక్కసారికి ఫ్లూక్ అని రాసెయ్" అన్నాను. అది నా మొహం చూసింది.

"నల్లాల నీళ్లకు బదులు గాలి వచ్చిననాడు జనం ఏం చేస్తుండె తాతా? బిందెలు నిండినయని సప్పుడు చేయక పోయేటోళ్లా?"

పోయేవాళ్లు కాదు. వాల్వ్ తిప్పేది నేనే కనుక ఖాళీ బిందెలతో మా ఇంటి మీదికే వచ్చేవాళ్లు. ఆ లొల్లి వింటూ పెరిగిన పిల్ల అది. వాళ్ల పుస్తకం మొదటి పాఠం పేరు "పరిశీలన". ఆ పాఠాన్ని చింపివేయుటయా, అమలు చేయుటయా, శాఖ వారు తేల్చవలెను. రెండూ చేయక పిల్లను నడుమ నిలబెట్టుట న్యాయము కాదు.

కావున తమరు దయయుంచి ఒక్క పూట నయాపూల్ దాకా విచ్చేసి, మూడో నెంబరు సీసాను వెలుతురుకెత్తి చూసి, నెంబరు చెప్పిన దానిని కాక కంటికి కనబడిన దానినే చిత్తగించవలెనని, రూపకు రావలసిన మార్కులు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
పెంటయ్య

తా.క.: కవరు అంటించబోతుండగా రూప వచ్చి అర్జీ అంతా చదివింది. "మార్కులు అడుగుడు ఏంది తాతా, సీసల ఏముందో అడుగు" అని కోపం చేసింది. సోమవారం కూడా అదే రాస్తానంటోంది. నేను చెప్పి చూశాను, మా ఇంటిది కాశమ్మ ఒట్టు పెట్టి చూసింది. వినడం లేదు. తమరు రాలేకపోతే పోనీయండి సార్. సోమవారం పొద్దుటిలోగా ఆ సీసాలో ఒక పురుగును వేయించండి. ఏ పురుగైనా సరే. ఏది వేస్తే అదే రాస్తుంది, ఆ పూచీ నాది.