అల్మారా పక్క మలుపు

సెప్టెంబర్ 3, బుధవారం

నీళ్లు పట్టాను. రెండు పూటల వంట, దుప్పట్ల ఉతుకు, మినప్పప్పు రుబ్బడం అయ్యాయి. ముందు గది తుడవలేదు. గదినిండా రైలు.

విశ్వకర్మ పూజకి రైల్వే కాలనీ పందిట్లో తిప్పుతామని ఈయనా, పక్క క్వార్టర్ సుందర్ రాజు అన్నయ్యా కలిసి చేస్తున్న మోడల్ రైలు. ఈయన పనిచేసేది పట్టాల డిపార్ట్‌మెంట్‌లో, అందుకని ప్లైవుడ్ మీద పట్టాలు ఈయన వేశారు. అన్నయ్య వర్క్‌షాపులో కోచ్ ఫిట్టర్, బోగీలు ఆయన చేశారు. అల్మారా పక్క మలుపులోకి రాగానే బోగీలు పడిపోతున్నాయి.

ఈయన చక్రాల తప్పంటారు, అన్నయ్య పట్టాల తప్పంటారు. నిజం రైలు పడినా ఇదే గొడవ. రెండు డిపార్ట్‌మెంట్లూ జాయింట్ నోట్ మీద సంతకం పెట్టాలి. తప్పు తనదని ఏ వైపువాళ్లూ రాయరు.

సెప్టెంబర్ 5

ఈయన అనకూడని మాట అన్నారు. ఇలాటి చక్రాలే పాస్ చేసి జనాన్నెక్కిస్తన్నావేటిరా సుందరం, అని. అన్నయ్య టీ సగంలో వదిలేసి లేచారు. బోగీలు నువ్వే ఉంచుకో, పప్పులో వేసుకో, అన్నారు. మళ్లీ రాలేదు.

సెప్టెంబర్ 6

గోడవతల అన్నయ్య భార్య సూసన్న వదిన బట్టలారేస్తూ నావైపు తల తిప్పలేదు.

సెప్టెంబర్ 8

నిన్నంతా ఈయన గేటు దాకా వెళ్లడం, తిరిగి రావడం. అన్నం కెలికి వదిలేశారు. నాకూ ఏ పనీ సాగడం లేదు. ఈయన డ్యూటీకెళ్లగానే రైలు ముందు కూర్చున్నాను.

లెక్క తప్పితే ఒక్కో పద్దూ విడిగా చూసుకోవాలి. ఇంజన్ తీసేసి ఒక్క బోగీని వేలితో తోశాను. పడింది. వెనక్కి తిప్పి పెట్టి తోశాను, అక్కడే పడింది. మిగతావీ అంతే. చక్రాలన్నీ గోటితో తిప్పి చూశాను, హాయిగా తిరుగుతున్నాయి. కిటికీ పక్క మలుపులో ఏదీ పడలేదు.

అల్మారా పక్క పట్టాల మధ్య ఒక బటానీ గింజ పెట్టాను. లోపలికి దొర్లిపోయింది. వంగి చూస్తే బయటి పట్టా కింద శుభలేఖ ముక్కలు, మందంగా.

నిజం లైన్లో మలుపు దగ్గర బయటి పట్టా ఎత్తుగా ఉంటుంది, రైలు వేగానికి బయటికి తూలకుండా. ఆ ఎత్తు చాలా దూరం నుంచి మెల్లగా వస్తుంది. ఇక్కడ వేలెడు జాగాలో వచ్చేసింది. బోగీ ఒరిగి ఒక చక్రం గాల్లో ఉంటోంది.

రాత్రి చెప్పాను. పట్టాల సంగతి నీకేటి తెలుసే, ఎత్తు లేని మలుపు వేస్తే మా ఆఫీసులో నవ్వుతారు, అన్నారు. బటానీ గింజ చేతికిచ్చాను. నోట్లో వేసుకున్నారు.

సెప్టెంబర్ 9

పొద్దున్న ఊడుస్తుంటే చీపురుకి శుభలేఖ ముక్కలు తగిలాయి. రైలు ఎక్కడా పడకుండా తిరుగుతోంది. ఈయన పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నారు.

సెప్టెంబర్ 12

రైలు నడిస్తే సరిపోయిందా, అన్నయ్యనన్న ఆ మాట సంగతేంటని అడిగాను. ముప్పై ఏళ్ల సర్వీసులో పట్టాల లోపమని ఒక్కసారీ రాయలేదే, అన్నారు. గొప్పగా కాదు, భయంగా అన్నారు.

పందిరి వేసే బెంగాలీ దాదా వచ్చి, గాడీ చొల్బే తో, బండి నడుస్తుందిగా, అని అడిగాడు. ఈయన లోపలికెళ్లిపోయారు.

సెప్టెంబర్ 15

తెల్లకాగితం మీద 'కారణం: పట్టాల లోపం' అని రాసి సంతకం పెట్టారు. తీసుకెళ్లి ఇమ్మని నాకిచ్చారు. నేను పట్టుకోలేదు. మీ సంతకం మీరే మొయ్యండి అన్నాను. లుంగీతోనే వెళ్లారు.

వచ్చేటప్పటికి ముఖం విప్పారింది. అన్నయ్య కాగితం చదివి, పెన్నడిగి, కింద 'రెండో బోగీ చక్రం కూడా బిగుతు' అని రాసి సంతకం పెట్టారట. నేను సెప్పలేదేటే, ఆడి చక్రాల్లోనూ లోపముందని, అంటూ ఈయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఆ చక్రం నేను తిప్పి చూసిందే.

సెప్టెంబర్ 17, పూజ

రైలు తిరిగింది. ఈయన పక్కనుండగానే అన్నయ్య నన్నడిగారు, ఏం చెల్లెమ్మా, రెండో బోగీ చక్రం బిగుతేనా, అని. చాలా బిగుతు అన్నయ్యా, అన్నాను.

సుందర్ రాజు అన్నయ్యకి మా ఇల్లు పడ్డ బాకీ: చెల్లు.